స్తంభం నుంచి నట్టింటికి

ఒక గదిలో కంప్యూటరు, ఇంకో గదిలో ల్యాప్‌టాప్, హాల్లో టీవీ, ఇంటిల్లిపాది చేతుల్లో ఫోన్లు. పెళ్లి వీడియో, పిల్లల ఫొటోలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు అన్నీ ఒకచోట దాచి, ఏ గదిలోంచైనా తీసి చూసుకోవాలి. దీనికి గోడ వెంట వైరు లాగాలా, వైఫై సరిపోతుందా? తిరుపతిలోనో చిత్తూరులోనో కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు ఈ ప్రశ్నను ఎలక్ట్రీషియన్‌కో, నెట్ కనెక్షన్ పెట్టడానికి వచ్చిన కుర్రాడికో వదిలేస్తారు. "వైఫై ఉంది కదా సార్" అన్న జవాబుతో మాట తీరిపోతుంది. కానీ ఇది నిన్నమొన్న పుట్టిన ప్రశ్న కాదు. దక్షిణ రాయలసీమ దీన్ని సుమారు నూట యాభై ఏళ్లుగా, పేరు మార్చుకుని వచ్చిన ప్రతిసారీ ఎదుర్కొంటూనే ఉంది. తంతి, రేడియో, దూరదర్శన్, కేబుల్ టీవీ, పల్లె టెలిఫోను, ఫైబరు, ఏది తీసుకున్నా చివరికి కుదిరిన ఏర్పాటు దాదాపు ఒకటే. కదలని చోట్ల మధ్య బరువును తీగ మోసింది. తీగ అందని చోటికి, కదిలే చేతికి గాలి అందించింది. ఒకటి వచ్చి రెండోదాన్ని తుడిచేయలేదు. ఇంట్లో ఫైళ్లు పంచుకోవడానికీ ఈ అనుభవమే దారి చూపుతుందని నా వాదన.

మొదట వచ్చింది తంతి తీగ. 1851లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఓషాన్నెస్సీ కలకత్తా నుంచి డైమండ్ హార్బరుకు వేసిన లైను తర్వాత, 1855లో తంతి ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. మన వైపు దాని చరిత్ర రైలు పట్టాలతో పెనవేసుకుంది. మద్రాసు నుంచి రేణిగుంట, కడప, గుంతకల్లు మీదుగా సాగిన మద్రాసు రైల్వే లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనుతో కలిసింది. తర్వాత ఇరవై ఏళ్లకు కాట్పాడి, చిత్తూరు, పాకాల, తిరుపతి మీటరు గేజీ పట్టాలు వచ్చాయి. ఒకే పట్టా మీద రెండు వైపుల నుంచీ బండ్లు నడవాలంటే, ఒక స్టేషన్ మాస్టరు అవతలి స్టేషన్‌ను 'లైన్ క్లియర్' అడిగి, జవాబు అందాకే బండిని వదలాలి. ఆ జవాబు ఆలస్యమైతే బండి ఆగుతుంది, పొరపాటున మారితే ప్రాణాలే పోతాయి. వేగం కంటే ఖాయంగా చేరడం ముఖ్యమైన పని అది. రెండు చివరలూ కదలనివి, మాట ఒకరి నుంచి ఒకరికే వెళ్లాలి, వెళ్లిందో లేదో వెంటనే తెలియాలి. తీగకు ఇంతకంటే తగిన పని లేదు. అందుకే ఆ తర్వాత గాలిలో మాట పంపడం తెలిసినా, పట్టాల పక్కన స్తంభాలు దశాబ్దాల పాటు అలాగే నిలిచాయి. తంతి సేవ 2013 జులైలో ముగిసింది. దాని పనిని లాక్కున్నవాటిలో మొబైల్ ఫోను ఒకటి. ఆ ఫోను టవర్లలో చాలావాటిని కలిపే ఫైబరు మళ్లీ తీగే.

రేడియో కథ వేరు. గాలిలో వెళ్లే మాటకు ఒక సహజ గుణం ఉంది: ఒకరు పలికితే అందరికీ వినిపిస్తుంది. ప్రసారానికి అది వరం, ఇద్దరి మధ్య బట్వాడాకు అదే చిక్కు. ప్రభుత్వం ఈ గుణాన్ని చూసి భయపడింది కూడా. 1933 నాటి వైర్‌లెస్ చట్టం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడాన్నే నేరం చేసింది. ఇంట్లో పాటలు వినే రేడియో పెట్టెకు కూడా దశాబ్దాల పాటు తపాలా కార్యాలయంలో ఏటా రుసుము కట్టి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకోవాల్సి వచ్చేది. 1938లో మద్రాసు, 1963లో కడప ఆకాశవాణి కేంద్రాలు మొదలయ్యాయి. సీమ పల్లెల్లో రేడియో అంటే చాలాకాలం పంచాయతీ రేడియోనే. పెట్టె పంచాయతీ గదిలో ఉండేది. గాలిలో వచ్చిన మాట అందులో దిగి, అక్కడి నుంచి వైరు మీద బయటి లౌడ్‌స్పీకరుకు చేరి, రచ్చబండ దగ్గర కూర్చున్నవాళ్లకు వినిపించేది. వంద మైళ్లు గాలిలో, చివరి పది గజాలు తీగలో. ఇక్కడ తీగ చివరన ఉంది, ఈనాటి ఇంట్లో గాలి చివరన ఉంది. వరస తారుమారైనా పని విభజన మాత్రం అదే.

టెలివిజన్ వచ్చాక ఆ విభజన ఇంకా స్పష్టంగా కనిపించింది. 1975లో మద్రాసు దూరదర్శన్ మొదలయ్యాక, ఆ వైపున్న తూర్పు తాలూకాల వాళ్లు మిద్దెల మీద ఎత్తైన ఇనుప గొట్టాలు నిలిపి యాంటెన్నాలు బిగించుకున్నారు. గాలి వీస్తే గొట్టం తిరిగేది, బొమ్మ చెదిరేది. కొండలు అడ్డొచ్చిన ఊళ్లకు ఆ అదృష్టమూ లేదు. శేషాచలం నుంచి హార్సిలీ కొండల దాకా ఎక్కడ చూసినా గుట్టలున్న అప్పటి చిత్తూరు జిల్లా ఇది. గాలిలో సూటిగా ప్రయాణించే తరంగానికి ఇలాంటి నేల అనుకూలం కాదు. ఈ లోటులోంచే కేబుల్ వ్యాపారం బతుకు తెరువైంది. 1980ల చివర మన పట్టణాల్లో ఒక గదిలో వీసీఆర్ పెట్టి, అందులో సినిమా క్యాసెట్టు ఆడించి, మిద్దెల మీదుగా, స్తంభాల మీదుగా వైరు లాగి చుట్టుపక్కల ఇళ్లకు చూపించేవారు. ఒకచోట దాచిన దృశ్యాన్ని పలు ఇళ్లలో ఒకేసారి చూసుకునే ఆ ఏర్పాటును వీధి స్థాయి ఫైల్ షేరింగ్ అనడం తప్పు కాదు. 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత ఉపగ్రహ చానళ్లు వచ్చాయి. 1995లో ఈటీవీ, జెమిని మొదలయ్యాయి, అదే ఏడాది కేబుల్ టీవీ చట్టమూ వచ్చింది. ఆకాశంలోంచి డిష్ దాకా గాలి, డిష్ నుంచి ఇంటి దాకా తీగ. ఇంటింటికీ డిష్ పెట్టుకోగల స్తోమత లేని ఊళ్లో ఒక్క డిష్‌తో వందల ఇళ్లకు అందించిన ఘనత ఆ నల్ల కోయాక్సియల్ వైరుది. అది కష్టం లేని పనేమీ కాదు. దూరం పెరిగేకొద్దీ అందులో సంకేతం బలహీనపడేది, మధ్యమధ్య ఆంప్లిఫయర్లు పెట్టాల్సి వచ్చేది, ఒక వీధిలో కరెంటు పోతే అవతలి వీధుల్లోనూ బొమ్మ పోయేది. కేబుల్ కుర్రాళ్లు నిచ్చెన భుజాన వేసుకుని వానలో తిరిగి ఆ వైర్లను కాపాడిన శ్రమ ఏ చరిత్ర పుస్తకానికీ ఎక్కలేదు.

గాలి న్యాయంగా గెలిచిన చోట్లూ ఉన్నాయి, వాటిని దాచిపెడితే వాదన నిలవదు. మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న కుప్పం అందుకు మంచి ఉదాహరణ. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ మూడేళ్ల 'ఐ-కమ్యూనిటీ' ప్రయత్నం మొదలుపెట్టింది. సమాచార కేంద్రాలు పెట్టారు, డిజిటల్ కెమెరాలు, సౌర విద్యుత్తుతో నడిచే ప్రింటర్లు ఇచ్చి మహిళలకు ఫొటోగ్రఫీ నేర్పారు. రాగి తీగ చేరడమే కష్టమైన పల్లెలవి. అంతకు ముందే మద్రాసు ఐఐటీలో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం పల్లెల కోసం కార్‌డెక్ట్ అనే వైర్‌లెస్ టెలిఫోను పద్ధతిని తయారుచేసింది. సూటిగా చూపు ఆనితే పది కిలోమీటర్ల దాకా పనిచేసేది, మాటతో పాటు సెకనుకు 35 లేదా 70 కిలోబిట్ల ఇంటర్నెట్ ఇచ్చేది. బీఎస్ఎన్ఎల్ తరంగ్ ఫోన్లు కూడా అలాంటి పనే చేశాయి. పొలాల మీదుగా, గుట్టల మీదుగా ఒక్కో ఇంటికి రాగి లాగే ఖర్చుతో పోలిస్తే ఇది తెలివైన ఎంపిక. కానీ ఆ 35, 70 అంకెలు చూడండి. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం కనీస వేగాన్ని 256 కిలోబిట్లుగా పెట్టింది, మరుసటి ఏడాది బీఎస్ఎన్ఎల్ పాత టెలిఫోను రాగి తీగ మీదే ఆ వేగాన్ని ఇళ్లకు ఇవ్వడం మొదలుపెట్టింది. గాలి ముందుగా చేరింది, తీగ ఎక్కువ తెచ్చింది. ఈ తేడాను పట్టుకుంటే ఇంట్లో నిర్ణయం సగం అయిపోయినట్టే.

ఏపీ ఫైబర్‌నెట్ ఈ కథలో పెద్ద మలుపు. నేల తవ్వి రాష్ట్రమంతా ఫైబరు వేయాలంటే దాదాపు 5 వేల కోట్ల రూపాయలవుతుందని, కరెంటు స్తంభాల మీదుగా గాలిలో వేలాడదీస్తే తొలి దశ 333 కోట్లతో అవుతుందని ప్రభుత్వం లెక్క చెప్పింది. ఇరవై వేల కిలోమీటర్లకు పైగా ఫైబరును అలాగే వేశారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయలన్న మాట ఊరూరా పాకింది. అదే డిసెంబరులో గూగుల్ మాతృసంస్థకు చెందిన ఎక్స్ విభాగం, ఫైబరు వేయడం కష్టమైన చోట్ల కాంతి పుంజాలతో గాలిలో డేటా పంపే రెండు వేల లింకులను ఇదే రాష్ట్రానికి ఇస్తామని ప్రకటించింది. ఇరవై కిలోమీటర్ల దూరం, సెకనుకు 20 గిగాబిట్ల దాకా వేగం అని చెప్పారు. ప్రపంచంలోనే అత్యాధునికమైన ఆ వైర్‌లెస్ పద్ధతి కూడా ఫైబరుకు బదులుగా రాలేదు, ఫైబరు తెగిన చోట వంతెన వేయడానికి వచ్చింది. తర్వాత 'తారా' పేరుతో అదే పద్ధతి 2021లో కాంగో నదికి ఆ ఒడ్డున ఒకటి, ఈ ఒడ్డున ఒకటిగా ఉన్న రెండు రాజధానులను కలిపింది. అక్కడా పని అదే: తీగ దాటలేని నీటిని దాటడం.

ఫైబర్‌నెట్ కథలో చరిత్ర నేరుగా మన హాల్లోకి నడిచొచ్చిన ఘట్టం ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. స్తంభం నుంచి ఇంటి దాకా ఫైబరును తెచ్చింది పాత కేబుల్ ఆపరేటర్లే. వాళ్లకు తెలిసిన దారి కేబుల్ టీవీ దారి. వీధి వైపు కిటికీ పక్కన ముప్పై ఏళ్ల కిందట కోయాక్సియల్ వైరు కోసం వేసిన రంధ్రంలోంచే, లేదా దాని పక్కనే ఇంకో రంధ్రం వేసి, ఫైబరు లోపలికొచ్చింది. పెట్టె టీవీ కింద కూర్చుంది. వైఫై పలికేదీ ఆ పెట్టెలోంచే. అంటే చాలా ఇళ్లలో వైఫై ఎక్కడ నుంచి మొదలవ్వాలో నిర్ణయించింది రేడియో శాస్త్రం కాదు, పాత టీవీ స్థానం. మన ఇళ్ల గోడలు తొమ్మిది అంగుళాల ఇటుక, పైకప్పు ఇనుప చువ్వలు అల్లిన కాంక్రీటు. వేగంగా మోసే 5 గిగాహెర్ట్జ్ తరంగం వీటిని దాటడంలో ఎక్కువ నీరసిస్తుంది. కొంచెం బాగా దాటగల 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు మూడే. 1933 చట్టం బిగించిన ముడిని ప్రభుత్వం 2005లో వదులు చేసి, తక్కువ శక్తి గల 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలకు లైసెన్సు అక్కర్లేదంది. అది ప్రజలకు జరిగిన మేలే. ఆ మేలుకు ఇంకో వైపు, ఒక అపార్ట్‌మెంటులో ఇరవై ఇళ్ల రూటర్లు ఆ మూడు చానళ్లనే పంచుకోవడం.

దీని లోపలి పనితీరు ఒకసారి చూడాలి, ఎందుకంటే వాదన బలమంతా ఇక్కడే ఉంది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లను కలిపింది. దాని పేరు అలోహా. ఎవరికి తోస్తే వాళ్లు పంపడం, రెండు సందేశాలు ఢీకొంటే కాసేపాగి మళ్లీ పంపడం దాని నియమం. ఇలా చేస్తే చానలు సామర్థ్యంలో సుమారు 18 శాతమే అక్కరకొస్తుందని లెక్క తేలింది. ఆ పద్ధతిని చదివిన రాబర్ట్ మెట్‌కాఫ్ 1973లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో అదే ఆలోచనను కోయాక్సియల్ తీగ మీదికి తెచ్చి ఈథర్‌నెట్ చేశాడు. తీగ మీద ముందు విని, ఖాళీగా ఉంటేనే పలకవచ్చు, ఢీకొంటే వెంటనే తెలుస్తుంది. తర్వాత స్విచ్‌లు వచ్చి ఒక్కో పరికరానికి ఒక్కో సొంత తీగ ఇచ్చాక ఢీకొనడమే లేకుండా పోయింది, పంపడం, అందుకోవడం ఒకేసారి జరిగాయి. వైఫైకి ఆ సౌకర్యం లేదు. ఒక చానల్లో ఒకరు పలుకుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఇంట్లో ఫైళ్లు పంచుకునేటప్పుడు ఇది రెండింతలు బాధిస్తుంది: ల్యాప్‌టాప్ నుంచి రూటరుకు ఒకసారి, రూటరు నుంచి టీవీకి ఇంకోసారి, అదే ఫైలు అదే గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. వేగం సగమవుతుంది. మధ్యలో రిపీటరు పెడితే, అదీ అదే చానల్లో పలికేదైతే, ఇంకా తగ్గుతుంది.

అంకెలు వేసుకుందాం. ఒక పెళ్లి వీడియో 50 జీబీ అనుకుంటే, 1999 నుంచీ ప్రామాణికంగా ఉన్న గిగాబిట్ ఈథర్‌నెట్ మీద, మామూలు క్యాట్ 5ఈ వైరుతో, హార్డ్‌డిస్క్ అందుకోగలిగితే ఏడెనిమిది నిమిషాల పని. అదే గదిలో వైఫై నిజంగా సెకనుకు 200 మెగాబిట్లు ఇస్తే అరగంట దాటుతుంది. రెండు గోడల అవతల అది 40కి పడిపోతే దాదాపు మూడు గంటలు. పెళ్లిళ్లకు పేరుపడ్డ తిరుపతిలో ఫొటో, వీడియో వృత్తిలో ఉన్నవాళ్లకు ఈ తేడా అంటే ఒక పూట కూలి.

తీగ విలువ వైర్‌లెస్ నిపుణులకూ తెలుసు, అందుకే గాడంకి, శ్రీహరికోట గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో, పాకాల దగ్గర గాడంకిలో 1990ల ఆరంభం నుంచి ఎంఎస్‌టీ రాడారు పనిచేస్తోంది. 53 మెగాహెర్ట్జ్ తరంగాలతో వాతావరణ పొరలను చదివే యంత్రం అది. నేల మీద 32 వరసల్లో 32 చొప్పున 1024 యాంటెన్నాలు. ఆకాశంతో మాట్లాడేది గాలిలోనే. కానీ తొలినాళ్లలో 32 ట్రాన్స్‌మిటర్ల నుంచి ఆ వెయ్యి యాంటెన్నాలకు శక్తి వెళ్లిందీ, తిరిగొచ్చిన అతి బలహీన సంకేతం లోపలికి చేరిందీ తీగల మీదే. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోటలోనూ రాకెట్టు ఎగరడానికి ముందు సమాచారం, శక్తి చాలావరకు కేబుళ్ల ద్వారానే అందుతాయి. నేల విడిచాకే రేడియో ఒక్కటే దిక్కవుతుంది. వైర్‌లెస్‌లో దేశంలోనే ఆరితేరిన రెండు సంస్థలు మన పక్కనే ఉన్నాయి, నేల మీద నిలిచి ఉన్నంతసేపు రెండూ తీగనే నమ్ముకున్నాయి.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. వైఫై 6 వచ్చింది, 7 వచ్చింది, పెట్టె మీద వేల మెగాబిట్లు రాసి ఉన్నాయి కదా అంటారు. ఆ అంకె అన్ని పరికరాలకూ కలిపి, మధ్యలో గోడ లేనప్పుడు, పొరుగింటి రూటరు మూగగా ఉన్నప్పుడు ఊహించింది. తీగ మీద రాసిన గిగాబిట్ వంద మీటర్ల దాకా, ఎన్ని గోడలున్నా గిగాబిటే. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: స్తంభాల మీది తీగ తెగుతుంది. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు మునిగాయి, తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడ్డాయి. అలాంటప్పుడు స్తంభం ఒరిగితే దాని మీది ఫైబరూ ఒరుగుతుంది. పిడుగుల కాలంలో బయట లాగిన రాగి తీగ ప్రమాదమే. ఇవన్నీ నిజాలే. అయితే అవి బయటి తీగకు వర్తిస్తాయి. ఇంటి గోడలో గొట్టం లోపల వేసిన వైరుకు గాలివాన, వరద భయం తక్కువ. మిద్దె మీదుగా ఒక భవనం నుంచి ఇంకో భవనానికి మాత్రం రాగి లాగకూడదు, అక్కడ ఫైబరే వేయాలి. అద్దె ఇంట్లో గోడ తొలిచే వీల్లేదు అన్నదీ న్యాయమైన మాటే. కంప్యూటరు, టీవీ, రూటరు ఒకే గదిలోకి తెచ్చుకుంటే గోడ తొలిచే అవసరమే ఉండదు. అది కుదరనివాళ్లకు వైఫై తప్ప దారి లేదు, వాళ్లను తప్పు పట్టే పని లేదు.

ఇప్పుడంతా ఫోన్లలోనే ఉంది, తీగ ఎక్కడ గుచ్చాలి అని కూడా అడుగుతారు. ఫోను చరిత్రనే చూద్దాం. మొబైల్ షాపుల్లో చిప్‌లోకి పాటలు, సినిమాలు ఎక్కించి డబ్బు తీసుకున్న రోజుల్లో ఆ దుకాణాలు బ్లూటూత్ వాడలేదు. సెకనుకు రెండు మెగాబిట్ల బ్లూటూత్‌లో 700 ఎంబీ సినిమాకు ముప్పావు గంట పడుతుంది, అన్నిసేపు ఏ గిరాకీ నిలబడడు. చిప్ తీసి నేరుగా కంప్యూటరుకు గుచ్చేవారు. తర్వాత షేర్‌ఇట్, జెండర్ వంటివి ఫోనుకూ ఫోనుకూ మధ్య నేరుగా వైఫైతో ఫైళ్లు పంపి, ఇంటర్నెట్ లేకుండానే ఊళ్లను జయించాయి. 2020 జూన్‌లో ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి మధ్య, రూటరు లేకుండా, ఫైలు గాలిలో ఒక్కసారే వెళ్లడం వాటి బలం. కదిలే చేతుల మధ్య గాలి చేయగల పని అదే, దాన్ని తీగతో చేయబోవడం అవివేకం. ఫోనుకు వైఫై ఉండాలి. ఆ ఫోను ఫొటోలు రాత్రి చేరే హార్డ్‌డిస్క్‌కూ, వాటిని చూపే టీవీకీ మధ్య తీగ ఉండాలి. అప్పుడు గాలి మీద భారం తగ్గి ఫోన్లకూ వైఫై బాగా అందుతుంది. వైర్‌లెస్‌ను ఇష్టపడేవాళ్లే ఈ కారణంతో తీగను అడగాలి.

ఇల్లు కడుతున్నవాళ్లకు ఒక మనవి. గోడల్లో కరెంటు పైపులు వేయించే రోజున, పూత పడకముందే, నెట్ వైరు కోసం వాటికి కొంచెం ఎడంగా ఇంకో పైపు వేయించండి. వీధి వైపు నుంచి ఫైబరు దిగే చోటును టీవీ వెనక మూలకు కాక ఇంటి నడిమధ్యకు పెట్టించి, అక్కడి నుంచి ప్రతి గదికీ ఒక్కో వైరు లాగించండి. పూత ఆరిపోయాక ఆ పని చేయాలంటే గోడ పగలగొట్టాల్సి ఉంటుంది.